ఆహారంలో లోహ కలుషితాల గరిష్ఠ పరిమితులు: ఏలూరు అనుభవం, గోదావరి డెల్టా బియ్యం

2020 డిసెంబరు 5న, అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రమైన ఏలూరులో ప్రజలు ఉన్నట్టుండి స్పృహ తప్పి పడిపోవడం మొదలైంది. మూర్ఛ, నోటి వెంట నురగ, తలనొప్పి, వాంతులు, కొద్దిసేపు మతిమరుపు ముఖ్య లక్షణాలు. వన్ టౌన్ ప్రాంతంలో మొదలైన ఈ అస్వస్థత కొద్ది రోజుల్లోనే ఆరువందల మందికి పైగా సోకింది. ఒకరు మరణించారు. మిగిలినవారిలో అత్యధికులు కొన్ని గంటల్లో, లేదా ఒకటి రెండు రోజుల్లో తేరుకుని ఇళ్లకు చేరారు. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ పరీక్షించిన రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయి. ఆ రెండు పేర్లు ఒక్క రోజులో రాష్ట్రమంతటా వ్యాపించాయి. తరువాత హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ రక్తంలో పురుగుమందుల అవశేషాలను గుర్తించింది. డిసెంబరు 16 నాటి సమీక్షలో నిపుణ సంస్థలు ప్రధాన కారణంగా పురుగుమందుల అవశేషాల వైపే మొగ్గు చూపాయి. అవి ఏ మార్గంలో ఒంట్లో చేరాయన్నది మాత్రం ఆనాటికి తేలలేదు.

ఆ పది పన్నెండు రోజులలో వ్యవసాయ విస్తరణ సిబ్బందిని రైతులు, వినియోగదారులు అడిగిన ప్రశ్న సూటిది: మన కూరగాయలు, మన బియ్యం, మన నీరు తినదగినవేనా, తాగదగినవేనా? ఇటువంటి ప్రశ్నకు సాధారణంగా రెండు సమాధానాలలో ఒకటి వస్తుంది. ‘పరిమితికి లోబడే ఉంది, భయం లేదు’ అన్నది ఒకటి. ‘లోహం ఉన్నట్టు తేలింది, కనుక విషం’ అన్నది రెండవది. ఈ రెండూ పరిమితి అన్న మాటకు గల అర్థాన్ని తప్పుగా గ్రహించినందువల్ల వచ్చేవే. గరిష్ఠ పరిమితి అనే అంకె ఎలా పుడుతుంది, అది ఎవరిని ఎంతవరకు కాపాడుతుంది, రోజుకు మూడు పూటలా అన్నం తినే గోదావరి డెల్టా మనిషికి ఆ అంకె ఎంతవరకు వర్తిస్తుంది అన్నది విస్తరణ శాస్త్రవేత్త తెలుసుకోవలసిన విషయం.

‘కనిపించింది’ అంటే ఏమిటి

నేటి ఐ.సి.పి.–ఎం.ఎస్. పరికరం కిలో ఆహారంలో మైక్రోగ్రాముకన్న తక్కువ లోహాన్ని సైతం పసిగడుతుంది. అందువల్ల సీసం, నికెల్ లేని మనిషి రక్తం భూమి మీద దొరకదు. ప్రశ్న ఎప్పుడూ ‘ఎంత’ అన్నదే. దానికి తోడుగా ‘అదే వీధిలో అస్వస్థతకు గురికాని వారిలో ఎంత’, ‘గత సంవత్సరం ఎంత’ అన్న ప్రశ్నలు కూడా అడగవలసి ఉంటుంది. రక్తంలో సీసానికి అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ పిల్లల విషయంలో 2012లో డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములను, 2021లో 3.5 మైక్రోగ్రాములను సూచన విలువగా ఎంచుకుంది. ఆ విలువ దాటితే ఆ పిల్లవాడి ఇంట్లో సీసం ఎక్కడినుంచి వస్తున్నదో వెతకాలని దాని భావం. దాటిన ప్రతి పిల్లవాడూ మూర్ఛపోతాడని కాదు. సీసం వల్ల మూర్ఛ రావాలంటే రక్తంలో దాని స్థాయి ఈ విలువకు ఎన్నో రెట్లు పెరగాలి. అలా వచ్చిన మూర్ఛ కొన్ని గంటల్లో తగ్గి మనిషి నడిచి ఇంటికి వెళ్లడం అసాధారణం. ఏలూరు రోగులు త్వరగా కోలుకున్న తీరు నాడీ వ్యవస్థ మీద తక్షణం పనిచేసి, త్వరగా విచ్ఛిన్నమయ్యే రసాయనాన్ని సూచించింది. సీసం ఎముకలో చేరి దశాబ్దాలు నిలిచే లోహం.

నికెల్ సంగతి మరింత ఆసక్తికరమైనది. 2011లో అమలులోకి వచ్చిన భారత ఆహార భద్రత, ప్రమాణాల (కలుషితాలు, విషపదార్థాలు, అవశేషాల) నిబంధనల పట్టికలో నికెల్‌కు పరిమితి హైడ్రోజనీకృత నూనెలకు, కొవ్వులకు మాత్రమే ఉండేది: పది లక్షలకు 1.5 వంతులు. కారణం స్పష్టమే. వనస్పతి తయారీలో నికెల్ ఉత్ప్రేరకం. అక్కడ అది మిగిలిపోయే అవకాశం ఉన్నది కనుక అక్కడే పరిమితి పెట్టారు. కూరగాయలలో, బియ్యంలో నికెల్ ఎంత ఉండవచ్చో చెప్పే అంకె ఆ పట్టికలో లేదు. తాగునీటికి మాత్రం భారతీయ ప్రమాణం 10500 లీటరుకు 0.02 మిల్లీగ్రాములని నిర్దేశిస్తుంది. అంటే ఒక కూరగాయలో నికెల్ ‘పరిమితిని మించింది’ అని ఎవరైనా అన్నప్పుడు ఏ పరిమితి, ఏ దేశానిది, ఏ ఆహారానిది అని అడగడం మొండితనం అనిపించుకోదు.

ఇక్కడ ఒక భేదాన్ని విద్యార్థులు మనసులో నిలుపుకోవాలి. పురుగుమందుకు ఉండేది గరిష్ఠ అవశేష పరిమితి. లోహాలకు, డయాక్సిన్ల వంటి పారిశ్రామిక కలుషితాలకు ఉండేది గరిష్ఠ పరిమితి. మొదటిది మంచి సాగు పద్ధతిలో మందు వాడితే కోతనాటికి ఎంత మిగులుతుందన్న పొలం ప్రయోగాల నుంచి వస్తుంది. అనుమతి రద్దు చేసి ఆ మందును ఆపనూ వచ్చు. అగ్గితెగులుకు వాడే ట్రైసైక్లజోల్ విషయంలో ఐరోపా సమాఖ్య 2017లో బియ్యానికి కిలోకు 1 మిల్లీగ్రాముగా ఉన్న పరిమితిని 0.01కి దించడం అటువంటి నిర్ణయమే. లోహాన్ని ఎవరూ ఆహారంలో చల్లరు. గని నుంచి, కర్మాగారపు మురుగు నుంచి, ఫాస్ఫేటు ఎరువులోని రాతి నుంచి, శిలల నుంచి భూగర్భ జలంలోకి అది వచ్చి చేరుతుంది. రద్దు చేయడానికి అనుమతి పత్రమే లేదు. కనుక ‘సహేతుకంగా సాధ్యమైనంత తక్కువ’ అనే సూత్రం మీద పరిమితి నిలుస్తుంది. సహేతుకం ఎవరికి, సాధ్యం ఎవరికి అన్న ప్రశ్నలు ఆ సూత్రంలోనే ఇమిడి ఉన్నాయి.

‘సున్నా’ అన్న పరిమితి కూడా సున్నా కాదు. నిషిద్ధ ఔషధాలైన క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల అవశేషాలు రొయ్యలలో ఉండరాదన్న ఐరోపా నియమం భీమవరం ప్రాంతపు రైతులకు కొత్త కాదు. ‘ఉండరాదు’ అన్న మాటకు ఆచరణలో అర్థం ప్రయోగశాల తప్పక పట్టగలగవలసిన మోతాదు. క్లోరాంఫెనికాల్‌కు అది చాలా ఏళ్లు కిలోకు 0.3 మైక్రోగ్రాములు. 2022 నవంబరు నుంచి 0.15. పరికరం సూక్ష్మమైన కొద్దీ సున్నా కిందికి జరిగింది. రొయ్య మాత్రం మారలేదు.

కాడ్మియం లెక్క

లోహ పరిమితుల చరిత్రలో వరి పండించే ప్రాంతాలు చదువవలసిన మొదటి పాఠం జపానులోని తొయామా జిల్లా, జింజూ నది. ఎగువన కమియోకా గని నుంచి వెలువడిన కాడ్మియం నదిలో కలిసి, కాల్వల ద్వారా వరి మళ్లకు చేరింది. దశాబ్దాల తరబడి ఆ బియ్యం తిని, ఆ నీరు తాగిన వారిలో, ముఖ్యంగా నడివయసు దాటిన స్త్రీలలో, మూత్రపిండాలు చెడి ఎముకలు మెత్తబడి, దగ్గినా విరిగే స్థితి వచ్చింది. ‘ఇతాయ్ ఇతాయ్’ అంటే ‘నొప్పి నొప్పి’ అని. 1968లో జపాను ప్రభుత్వం దానిని కాలుష్యజనిత వ్యాధిగా గుర్తించింది. నది, ఆనకట్ట, కాల్వ, మడి అనే వరుస ధవళేశ్వరం దిగువన ఉన్నవారికి పరిచయమైనదే. ఆ దృష్టాంతం గోదావరికి అన్వయిస్తుందని దీని భావం కాదు. డెల్టా నేలలు చాలావరకు తటస్థం నుంచి స్వల్ప క్షార స్వభావం గల ఒండ్రు, బంకమట్టి నేలలు. అటువంటి నేలల్లో కాడ్మియం వేళ్లకు సులభంగా అందదు. డెల్టాకు ఇది ప్రకృతి ఇచ్చిన వెసులుబాటు.

కోడెక్స్ అలిమెంటేరియస్ కమిషన్ 2006లో మరపట్టిన బియ్యంలో కాడ్మియంకు కిలోకు 0.4 మిల్లీగ్రాముల గరిష్ఠ పరిమితిని ఆమోదించింది. చర్చల తొలి దశలో ప్రతిపాదనలో ఉన్న అంకె 0.2. జపాను తన దేశపు బియ్యం సమాచారాన్ని ముందుంచి 0.4 కోరింది. తన పొలాలలో గణనీయమైన భాగం 0.2 దగ్గర నిలబడలేకపోవడమే కారణం. అప్పటికి జపాను సొంత ప్రమాణం కిలోకు 1.0 మిల్లీగ్రాము. దానిని 2010లో సవరించి 0.4కి తెచ్చింది. చైనా 0.2ను పాటిస్తున్నది. ఐరోపా సమాఖ్య 2021లో బియ్యానికి 0.15గా నిర్ణయించింది. భారత 2011 నిబంధనలలో ప్రత్యేకంగా పేర్కొనని ఆహారాలకు కాడ్మియం పరిమితి 1.5 ఉండేది. తరువాతి సవరణలు కోడెక్స్ విలువలకు దగ్గరగా వచ్చాయి. ఒకే లోహం, ఒకే గింజ, నాలుగైదు అంకెలు. ఇందులో ఏదీ అబద్ధం కాదు, ఏదీ విషానికీ అమృతానికీ మధ్య ప్రకృతి గీసిన గీతా కాదు.

ఆ గీత ఎక్కడుందో తెలియాలంటే ఆహారం వైపు నుంచి కాక శరీరం వైపు నుంచి రావాలి. ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల సంయుక్త నిపుణుల సంఘమైన జెక్ఫా 2010లో కాడ్మియంకు తాత్కాలిక సహనీయ నెలసరి మోతాదును కిలో శరీర బరువుకు 25 మైక్రోగ్రాములుగా నిర్ణయించింది. రోజు లెక్క గాక నెల లెక్క ఎందుకంటే ఈ లోహం మూత్రపిండంలో చేరితే సగానికి తగ్గడానికి సుమారు పదిహేను సంవత్సరాలు పడుతుంది. ఒక రోజు ఎక్కువ తిన్నా తక్కువ తిన్నా ఒకటే.

ఇప్పుడు ఒక లెక్క వేయవచ్చు. 60 కిలోల బరువున్న ఒక వ్యవసాయ కూలీ రోజుకు 400 గ్రాముల బియ్యం వండుకుని తింటాడనుకుందాం. ఆ బియ్యంలో కాడ్మియం సరిగ్గా కోడెక్స్ పరిమితి వద్ద, అంటే కిలోకు 0.4 మిల్లీగ్రాముల వద్ద ఉన్నదనుకుందాం. రోజుకు 160 మైక్రోగ్రాములు. నెలకు 4,800. కిలో శరీర బరువుకు 80 మైక్రోగ్రాములు. సహనీయ మోతాదు 25. అంటే చట్టప్రకారం ‘పరిమితికి లోబడిన’ బియ్యం తినే ఈ మనిషి సహనీయ మోతాదుకు మూడు రెట్లకు పైగా కాడ్మియం స్వీకరిస్తున్నాడు. కూర, చేప, పప్పు, పొగ ఇంకా లెక్కలోకి రానేలేదు. అదే బియ్యం రోజుకు 100 గ్రాములే తినే వాడికి నెలకు కిలో బరువుకు 20 మైక్రోగ్రాములు. అతను గీతకు ఇవతలే ఉన్నాడు. బస్తా మీద చీటీ ఇద్దరికీ ఒకటే.

400 గ్రాములు తినేవాడు బియ్యం ఒక్కదానితోనే సహనీయ మోతాదులో నిలవాలంటే గింజలో కాడ్మియం 0.125 మిల్లీగ్రాములకు మించరాదు. ఐరోపా పరిమితి 0.15 వద్ద కూడా అతను కిలో శరీర బరువుకు నెలకు 30 మైక్రోగ్రాములతో కొద్దిగా పైకే వెళతాడు. ఈ లెక్కను తరగతి గదిలో ఒకసారి నల్లబల్ల మీద వేయించడం మంచిది. అంకెను నమ్మే అలవాటు పోయి, అంకెను గుణించే అలవాటు వస్తుంది.

గరిష్ఠ పరిమితి సరుకుకు సంబంధించిన నిర్ణయం. కాకినాడ రేవులో ఒక సరుకును ఓడలోకి ఎక్కించవచ్చునా, మిల్లు నుంచి వచ్చిన బస్తాలను అంగడిలో అమ్మవచ్చునా అన్న ప్రశ్నకు అది సమాధానం. తినేవాడి క్షేమం అన్న ప్రశ్నకు సమాధానం ఆ అంకెను అతని కంచంతో గుణిస్తేనే వస్తుంది. బియ్యం ప్రధానాహారం కాని సమాజాల సగటు వినియోగం కూడా కలుపుకుని ఏర్పడిన పరిమితి, బియ్యమే ప్రధానాహారమైన చోట తక్కువ రక్షణ ఇస్తుంది. ఇక్కడ ఎవరి కుట్రా లేదు. ఉన్నది గుణకారమే.

పొగ మాట వచ్చింది కనుక ఒక మాట. రాజమహేంద్రవరంలో 1947లో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ వెలసిన ప్రాంతమిది. పొగాకు మొక్క కాడ్మియంను ఆకులో కూడబెట్టుకునే స్వభావం కలది. చుట్ట, బీడీ, సిగరెట్టు తాగేవారికి పొగ ద్వారా చేరే కాడ్మియం ఆహారం ద్వారా చేరే దానితో పోల్చదగినంత ఉంటుంది. బియ్యం గురించి కంగారుపడి వచ్చిన రైతు చేతిలో చుట్ట ఉంటే సంభాషణ అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.

ఆర్సెనిక్‌కు గీత లేదు

కాడ్మియంకు సహనీయ మోతాదు అనే ఆధారం ఉన్నది. అకర్బన ఆర్సెనిక్‌కు అది కూడా లేదు. కిలో బరువుకు వారానికి 15 మైక్రోగ్రాములని ఉన్న పాత విలువను జెక్ఫా 2010లో ఉపసంహరించుకుంది. క్యాన్సర్ కారకానికి ఇంతవరకు క్షేమం అని చెప్పలేమన్నది కారణం. ఊపిరితిత్తుల క్యాన్సర్ అర శాతం పెరిగే మోతాదుకు దిగువ అంచనాగా రోజుకు కిలో బరువుకు 3 మైక్రోగ్రాములను మాత్రం పేర్కొన్నది. కోడెక్స్ మరపట్టిన బియ్యానికి 2014లో కిలోకు 0.2 మిల్లీగ్రాములు, దంపుడు బియ్యానికి 2016లో 0.35 మిల్లీగ్రాముల పరిమితి పెట్టింది. మళ్లీ అదే కూలీ, అదే 400 గ్రాములు: 0.2 వద్ద రోజుకు 80 మైక్రోగ్రాములు, కిలో బరువుకు 1.33. హాని కనబడిన స్థాయికి రెండు రెట్లకు కొంచెం ఎక్కువ ఎడం మాత్రమే. 15 కిలోల బిడ్డ 150 గ్రాముల బియ్యం తింటే కిలో బరువుకు 2 మైక్రోగ్రాములు. బిడ్డ తన బరువుకు పెద్దవాడికన్న ఒకటిన్నర రెట్లు ఎక్కువ తింటాడు కనుక ఎడం ఇంకా తగ్గుతుంది. అమెరికా ఆహార ఔషధ సంస్థ 2020లో శిశువుల బియ్యపు ఆహారానికి కిలోకు 100 మైక్రోగ్రాములని విడిగా సూచించడానికి కారణం ఇదే.

సీసం విషయం క్లుప్తంగా. వారానికి కిలో బరువుకు 25 మైక్రోగ్రాములన్న పాత సహనీయ మోతాదును కూడా జెక్ఫా 2010లో రద్దు చేసింది. ఆ మోతాదు వద్దనే పిల్లల మేధాసూచిక కనీసం 3 పాయింట్లు తగ్గుతుందని లెక్క తేలింది. సహనీయం అని ఏళ్ల తరబడి పాఠ్యపుస్తకాలలో అచ్చయిన విలువ అది.

మడిలో నీరు, గింజలో లోహం

ఈ అంకెలన్నీ విధాన నిర్ణేతలవని, విస్తరణ శాస్త్రవేత్తకు చేయగలిగిందేమీ లేదని అనుకోవడం పొరపాటు. ఆర్సెనిక్, కాడ్మియం రెండూ మడిలోని నీటి ఎత్తుకు లొంగేవే, కాని ఎదురెదురు దిశలలో. మడి నిండుగా ఉన్నంతకాలం నేలలో ప్రాణవాయువు ఉండదు. ఇనుప ఆక్సైడ్లు కరిగి వాటిని అంటిపెట్టుకున్న ఆర్సెనిక్ నీటిలోకి వస్తుంది, సిలికా మార్గం గుండా వరి వేరులోకి వెళుతుంది. అదే సమయంలో కాడ్మియం సల్ఫైడుగా మారి కరగకుండా నేలలో బిగుసుకుంటుంది. మడి ఆరితే కథ తిరగబడుతుంది. సల్ఫైడు ఆక్సీకరణం చెంది కాడ్మియం విడుదలవుతుంది, ఆర్సెనిక్ మళ్లీ ఇనుముకు అంటుకుంటుంది.

ఆరుతడి పద్ధతిని నీటి ఆదా కోసం, మీథేన్ తగ్గింపు కోసం నేడు విస్తృతంగా సిఫారసు చేస్తున్నారు. అది మంచి సిఫారసే. అయితే కాడ్మియం ఉన్న నేలలో, ఈనిక దశ తరువాత గట్టిగా ఆరబెడితే గింజలోకి చేరే కాడ్మియం పెరుగుతుంది. జపాను రైతులు కలుషిత ప్రాంతాలలో ఈనికకు మూడు వారాల ముందు, మూడు వారాల తరువాత మడిలో నీరు నిలపడం ఇందుకే. డెల్టాలో ఆ పరిస్థితి ఎక్కడ రావచ్చునో ఊహించడం కష్టం కాదు. దాళ్వాలో కాల్వ నీరు వంతులవారీగా వచ్చే శివారు భూములలో గింజ పాలు పోసుకునే దశకు మడి నెర్రెలిస్తుంది. నీరు చాలని రైతు పక్కనే ఉన్న మురుగు కాల్వకు ఇంజను పెడతాడు. పట్టణాల మురుగు, కర్మాగారాల వ్యర్థాలు, చెరువుల నుంచి వదిలిన నీరు కలిసి ప్రవహించే ఆ కాల్వ ఒక చేత్తో లోహాన్ని తెస్తుంది, మడి ఆరడం మరో చేత్తో దానిని గింజకు అందిస్తుంది. సార్వాలో ఇదే మడి నిండా నీటితో ఉంటుంది. ఒకే పొలం నుంచి సార్వా గింజను మాత్రమే పరీక్షించి ‘కాడ్మియం లేదు’ అని నివేదిక ఇస్తే అది అబద్ధం కాకపోయినా సగం నిజమే.

జింకు లోపం డెల్టా వరి నేలల్లో ఎరిగిన సమస్య. జింకు, కాడ్మియం రసాయనికంగా బంధువులు, వేరు వద్ద పోటీదారులు. జింకు సల్ఫేటు సిఫారసుకు దిగుబడి ఒక్కటే కారణం కానక్కరలేదు. వంగడాల వైపు నుంచి చూస్తే, కాడ్మియంను వేరులోకి తీసుకువెళ్లే ఒక జన్యువు పనిచేయని వరిని జపాను శాస్త్రవేత్తలు 2012లో వెలువరించారు. మార్టేరు పరిశోధన స్థానం నుంచి 1982లో వచ్చిన స్వర్ణ, దాని తరువాతి ఎం.టి.యు. వంగడాలు దేశంలో కోట్ల మంది కంచాలలో ఉన్నాయి. ఆ వంగడాల మధ్య లోహ గ్రహణంలో గల తేడాలు స్నాతకోత్తర విద్యార్థులకు యోగ్యమైన పరిశోధనాంశం.

నమూనా తీసే చేయి

పరిమితి దశాంశాలలో ఉంటుంది కనుక నమూనా తీసే చేయే తీర్పు చెబుతుంది. గింజ, నేల రెండూ ఒకే చోటు నుంచి తీయాలి. నేల పైపొర పదిహేను సెంటీమీటర్ల లోతు వరకు చాలు. మోటారు ఇంజను పొగ తగిలిన చోట, రోడ్డు గట్టున, విద్యుత్ స్తంభం మొదట్లో తీసిన నమూనా పొలానికి ప్రతినిధి కాదు. స్టెయిన్‌లెస్ స్టీలు మరలో పొడి చేసిన గింజకు మర నుంచే నికెల్, క్రోమియం అంటుకోవచ్చు. నికెల్ గురించి కలవరపడే ముందు ఏ మరలో పొడి చేశారో అడగడం ప్రయోగశాల మర్యాద. ఆర్సెనిక్‌ను మొత్తంగా కొలిచారా, అకర్బన రూపాన్ని విడదీసి కొలిచారా అన్నది నివేదికలో ఉండి తీరాలి. పరిమితి అకర్బన రూపానికి, కొలిచింది మొత్తానికి అయితే పోలిక చెల్లదు. చేపలో, రొయ్యలో మొత్తం ఆర్సెనిక్ ఎక్కువగా కనిపించినా అందులో అధిక భాగం హాని తక్కువైన సేంద్రియ రూపంలో ఉంటుంది. ఈ ఒక్క విషయం తెలియక రొయ్యల మీద వచ్చిన అపవాదులు తక్కువేమీ కావు. చివరగా, ఫలితం 0.21 అని, అనిశ్చితి 0.04 అని వచ్చినప్పుడు 0.2 పరిమితిని మించిందని ప్రకటించడానికి ఆధారం చాలదు. మించలేదని చెప్పడానికీ చాలదు. మళ్లీ నమూనా తీయాలి.

ఏలూరు వంటి సంఘటన జరిగిన రోజున ఈ పనులేవీ కొత్తగా మొదలుపెట్టడానికి వ్యవధి ఉండదు. ఆ రోజు చేతిలో ఉండవలసినది గత సంవత్సరపు నేపథ్య విలువ. తమ్మిలేరు ఒడ్డున, కొల్లేరు అంచున, యనమదుర్రు మురుగు కాల్వ వెంట, దూరంగా కాల్వ మొదట్లో ఒకటి రెండు పోలిక స్థానాలలో, సార్వా దాళ్వా రెండింటిలో, ఏటా అవే చోట్ల తీసి భద్రపరచిన గింజ, నేల, నీటి నమూనాలు ఉంటే అప్పుడు ‘కనిపించింది’ అన్న మాటకు ‘పెరిగింది’ అనో ‘ఎప్పటిలాగే ఉంది’ అనో అర్థం చెప్పవచ్చు. దీనికి భారీ పరికరాలు తొలి అవసరం కాదు. ఎండబెట్టిన గింజను శుభ్రమైన పాలిథిన్ సంచిలో చీటీ రాసి దాచితే పదేళ్ల తరువాత కూడా దానిలోని లోహాన్ని కొలవవచ్చు. లోహం ఆవిరైపోదు. పురుగుమందు అవశేషాలకు ఈ సౌకర్యం లేదు, వాటిని వెంటనే శీతలీకరించి త్వరగా పరీక్షించవలసిందే. ఏలూరులో కారణంగా అనుమానించినది ఈ రెండవ రకం కావడం అన్వేషణను కష్టతరం చేసిన అంశాలలో ఒకటిగా భావించవచ్చు.

వంటింటి వైపు

విస్తరణ కార్యక్రమాలలో గృహిణులు పాల్గొన్నప్పుడు చెప్పదగిన ఒక విషయం మిగిలి ఉన్నది. వెనకటి డెల్టా ఇళ్లలో ఎక్కువ నీళ్లలో బియ్యం ఉడికించి గంజి వార్చేవారు. కుక్కరు వచ్చాక అత్తెసరు పెట్టడమే ఇంటింటా అలవాటైంది. మంచి నీటితో బియ్యం కడిగి, బియ్యానికి ఐదారు రెట్ల నీటిలో ఉడికించి వార్చితే అకర్బన ఆర్సెనిక్‌లో గణనీయమైన భాగం, అనేక ప్రయోగాలలో సగం వరకు, గంజితో పోతుంది. నీటిలోనే ఆర్సెనిక్ ఉంటే ఫలితం తలకిందులవుతుంది. గింజలోని మాంసకృత్తులకు అంటుకుని ఉండే కాడ్మియం ఈ పద్ధతికి అంతగా లొంగదు. వార్చిన గంజితో పాటు బి విటమిన్లు కూడా పోతాయి కనుక ఆర్సెనిక్ సమస్య లేని చోట ఈ సలహా ఇవ్వనక్కరలేదు. గంజి తాగే అలవాటున్న ఇంట్లో అయితే ఈ సలహాకు అర్థమే లేదు.

మరపట్టడం వల్ల కూడా ఆర్సెనిక్ తగ్గుతుంది, ఎందుకంటే అది గింజ పైపొరలలో, అంటే తవుడులో కేంద్రీకృతమవుతుంది. తవుడులో అకర్బన ఆర్సెనిక్ తెల్ల బియ్యంలో కన్న పలు రెట్లు ఉంటుంది. లోహాలు నూనెలో కరగవు కనుక తవుడు నూనెలోకి అంతగా రావు, నూనె తీసిన తవుడులోనే మిగులుతాయి. ఆ తవుడే కొల్లేరు పరిసరాలలోని చేపల చెరువులకు ప్రధానమైన మేత. గింజను పరీక్షించిన చోటనే తవుడును, మేతను, చెరువు చేపను కూడా ఒకే వరుసలో పరీక్షించే ప్రణాళిక జిల్లా స్థాయిలో ఉన్నప్పుడే మడిలో ఆగిన లోహం ఏ కంచానికి చేరుతున్నదో చెప్పగలుగుతారు.